ఏటికి పట్టిన బలం

ఎనభైల్లో అమెరికాలోని ఆర్కాన్సాలో, కోళ్ళ షెడ్ల మధ్య ఓ చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఊరికి నీళ్ళిచ్చే ప్లాంట్‌లో నీళ్ళు పరీక్ష చేసి మందు కలపడం నా ఉద్యోగం. గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చేసిన అత్తయ్యకి ఒకటే కోరిక, ముంచే బాప్తిస్మం. పసితనంలో నెత్తిన చిలకరించిన నీళ్ళు ఆవిడ లెక్కలో నీళ్ళే కావు. అదీ పారే నీళ్ళలోనే కావాలి. మా ఇంటి వెనక ఏరు చూడగానే, ఎండలు ముదిరాక ఇక్కడే అని తీర్మానించేసింది.

ఎండలు ముదిరేసరికి ఏరు పచ్చగా తేలింది. అత్తయ్య మురిసిపోయింది.

"చూశావుటే అమ్మాయ్, ఏటిక్కూడా బలం పట్టింది!"

మా వైపు చేలో ఎరువు వేస్తే బలం వేశామంటారు. బలం వేసిన చేను పచ్చగా ఉంటుంది, పచ్చగా ఉన్నదల్లా మంచిదే. అది పాచి అనీ, దాని కింద చేపలకి ఊపిరాడదనీ చెప్పాను. ఆవిడ మొహం వాడిపోయింది.

"మరి నువ్వు నీళ్ళ డాక్టరువేగా. బాగుచెయ్యి."

ఎగువన పక్కింటాయన తన పచ్చిక మీద కోళ్ళ పెంట పరిచేవాడు. వానొస్తే సగం ఏట్లోకే. గట్టు వెంబడి కాస్త మేర పెంట వెయ్యకుండా గడ్డి వదిలెయ్యమనీ, వాన ముందు పెంట చల్లొద్దనీ బతిమాలాను. మంచివాడు, మా కారు మంచులో దిగబడితే ట్రాక్టర్‌తో లాగినవాడు. సరేనన్నాడు. "నా ఒక్కడిదే అనుకున్నావా? పైకెళ్ళి చూడు" అని కూడా అన్నాడు.

వెళ్ళి చూశాను. మలుపు మలుపుకీ షెడ్లే. ఎవరిని కదిపినా, నాది కాస్తేగా అనేవాళ్ళే. తిలాపాపం తలా పిడికెడు. ఒళ్ళు మండి ఇంటికొస్తే, చర్చి అయ్యాక వచ్చేవాళ్ళకోసం పొయ్యి మీద కోడికూర ఉడుకుతోంది. చవకని కోళ్ళు తెచ్చింది నేనే. అందరితోపాటు నేనూ తిన్నాను.

మరుసటి వేసవికి గట్టు మీది గడ్డి లేదు, అంచుదాకా పెంటే. పక్కింటాయన నా మొహం చూడలేకపోయాడు. "కోళ్ళ కంపెనీ ఇంకో షెడ్డు కట్టమంది. ఈ పెంటంతా ఎక్కడ పొయ్యను? నువ్వే చెప్పు."

అత్తయ్యకి మోకాళ్ళు పట్టేశాయి. ఇంక ఆగితే లాభంలేదని, పాస్టరుగారు చర్చి వెనక పశువుల నీళ్ళతొట్టి పెట్టించి, కుళాయికి పైపు తగిలించి నింపించారు. తెల్లచీరలో తొట్టిలోకి దిగి, అత్తయ్య నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయ్, ఈ నీళ్ళెక్కడివే?"

అబద్ధమాడదామనే అనుకున్నాను. "ఆ ఏటివే అత్తయ్యా. చెరువులో కలిసి, మా ప్లాంట్‌కొచ్చి, ఇలా కుళాయిలోకొస్తాయి."

ఆవిడ దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. క్లోరిన్ కింద పాచి వాసన. నేనెంత మందు వేసినా ఆ ఏడు అది పోలేదు.

"బలం పట్టిన నీళ్ళే" అంది, నవ్వకుండా. ముక్కు గట్టిగా మూసుకుని మునిగింది.