అన్నం వరుసకు కట్టిన పర్దా

"మగపిల్లల నడుమ కూసుండి నా బిడ్డ సదువుడు నాకొద్దు!"

"తిమ్మప్పా, ఆడపిల్లల బడి కప్పు కురుస్తుంది. బాగయ్యేదాక అందరు ఈడనే. బెంచీలు వేరే వేసినం గదా?"

"మరి అన్నం కాడ?"

హెచ్చెం మేడం, అంటే మా బడి పెద్ద పంతులమ్మ, వరండా వైపు చూసింది. నేను పొయ్యి ఊదుతూ వింటున్నాను.

ఇది పోయిన ఏడాది వానాకాలం, మానవపాడు దగ్గర ఒక ఊరి హైస్కూలులో. అక్కడ మధ్యాహ్న భోజనం వండేది నేనే. తిమ్మప్ప విత్తనపత్తి రైతు. ఆయన బిడ్డ శిరీష తొమ్మిదో తరగతి. తన మాట చెల్లకపోతే పిల్లను బడి మాన్పించి క్రాసింగ్‌కు పంపుతానన్నాడు. క్రాసింగ్ అంటే పత్తి చేనులో మగ పువ్వు తెంపి ఆడ పువ్వుకు రాసే కూలి పని. శిరీష గోడకు ఆనుకొని, పుస్తకాల సంచి రెండు చేతులా పట్టుకొని నిలబడి ఉంది.

నిజానికి నాకూ తిమ్మప్ప మాటే సబబనిపించింది. మా నాయన కూడా నన్ను ఇట్లాంటి మాటే చెప్పి రెండో తరగతిలో మాన్పించాడు.

"పర్దా కడదాం మేడం. అటు వాళ్లు, ఇటు వీళ్లు" అన్నాను.

పాత చీరలు పారేయడం నా ఇంటా వంటా లేదు. గిన్నెలు దింపే మసిగుడ్డలకని దాచుకున్న రెండింటిని కలిపి కుట్టి, వరండా నడుమ తాడుకు వేలాడదీశాను. తిమ్మప్ప కాపలాకు నిలబడ్డాడు.

ఆ రోజు మెనూలో గుడ్డు. మెనూ అంటే ఏ రోజు ఏం వండాలో సర్కారు రాసిచ్చిన వరుస. ముందు ఆడపిల్లలకు వడ్డించడం మొదలుపెట్టానో లేదో, పర్దా అవతల గోల లేచింది.

"అవ్వా, పెద్ద గుడ్లన్నీ గటే పెడుతున్నవ్!"

"సాంబార్ల ముక్కలన్నీ గటే పోతున్నయ్!"

నిన్నటిదాకా ఎవరి పళ్లెం వాళ్లు చూసుకున్న పిల్లలే. ఇప్పుడు కంచె కింద మేకలు దూర్చినట్టు చీర అంచు కింద తలలే తలలు. ఇటువైపు ఆడపిల్లలు చిరుగుల్లో కన్ను పెట్టి, "లేదవ్వా, ఆలకే ఎక్కువున్నయ్!" అని ఫిర్యాదు.

"తలకాయలు తియ్యుండ్రిరా!" అంటూ తిమ్మప్ప పర్దా పట్టి గుంజాడు. తాడు తెగింది. సగం చీర ఆయన నెత్తిన, సగం నా సాంబారు బకెట్లో. వరండా అంతా గొల్లుమంది.

శిరీష మాత్రం నవ్వలేదు. లేచి వచ్చి తండ్రి తల మీది చీర తీసింది. ఆయన మొహం కందగడ్డైంది.

"రేపటి సంది బడి బంద్! క్రాసింగ్‌కు పో!"

పిల్ల చేతిలో చీర అట్లాగే ఉండిపోయింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. సాంబారు పాడైంది మరి.

"క్రాసింగ్‌ల పోరగాండ్లు లేరా తిమ్మప్పా? పొద్దుందాక పక్కపక్క సాళ్లల్ల ఉంటరు గదా. నీ చేనుకు పర్దా ఏడ కట్టినవ్ జర చూపియ్యి."

"అది పని పెద్దమ్మా!"

"మరి ఇదేంది, జాతరనా?"

ఆయన చెప్పులేసుకొని పోయాడు.

ఇన్నేళ్ల వంటలో ఆ రోజు నాకు తెలిసిందొకటే. ఆకలి మీదున్న పిల్లలు పక్కవాళ్లను చూడరు, పళ్లెం చూస్తారు. చాటు కడితేనే చూపు పళ్లెం దాటుతుంది. బాత్రూములు మాత్రం వేరే ఉండాల్సిందే, అందులో నాది రెండో మాట లేదు.

మరునాడు ప్రార్థన బెల్లు కాకముందే తిమ్మప్ప బండి గేటు ముందు ఆగింది. శిరీష దిగి, వెనక్కి చూడకుండా తరగతిలోకి నడిచింది.

"ఇయ్యాల ఏం కూర పెద్దమ్మా?" అన్నాడు తిమ్మప్ప, పర్దా లేని వరండా చూస్తూ.

"పప్పు" అన్నాను.

బండి తిప్పుకొని చేనుకు పోయాడు.