పెద్దమ్మ హాస్టల్లో పోని ఫ్యూజు

ఆ హాస్టల్ గేటు మీద ఏదో పేరు రాసి ఉంటుంది గానీ, ఆ పేరు చెప్పి అడిగితే వీధిలో ఎవరూ దారి చూపించలేరు. పెద్దమ్మ హాస్టల్ అంటే మాత్రం చంటిపిల్లలు కూడా చెయ్యి చూపిస్తారు. ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలు మేడమీద గదుల్లో ఉంటారు. కింద వీధివైపు గది పెద్దమ్మది.

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఊరందరి మాటలూ చెవిన పడుతుంటే ఏమీ విననట్టు మొహం పెట్టుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆ లోటంతా ఇప్పుడు తీర్చుకుంటున్నట్టు, హాస్టల్లో చీమ చిటుక్కుమన్నా ఆమెకు తెలిసి తీరాలి.

గదుల్లో కెటిళ్ళూ ఇస్త్రీపెట్టెలూ జుట్టు ఆరబెట్టుకునే మిషన్లూ వాడకూడదన్నది ఆమె పెట్టిన మొదటి నియమం. దాన్ని కాపలా కాసేది మాత్రం మెట్ల కింద చెక్కపెట్టెలో ఉన్న ఫ్యూజు. పాత ఇల్లు కావడంతో ఇంటి మొత్తానికీ అదొక్కటే. పింగాణీ బిళ్ళలో రెండు మరల మధ్య బిగించిన సన్నటి తీగ. మేడమీద దొంగచాటుగా రెండు మూడు పెద్ద సామాన్లు ఒకేసారి నడిస్తే ఆ తీగ వేడెక్కి, కరిగి, పుటుక్కున తెగేది. ఇల్లంతా కరెంటు పోయేది.

అప్పుడు పెద్దమ్మ కేకలేసేది కాదు. చెప్పులు కిందే వదిలేసి, అడుగు చప్పుడు కాకుండా మెట్లెక్కేది. లాయరు దగ్గర జూనియరుగా చేసే అమ్మాయి తలలో కుడివైపు జుట్టు పట్టుకుచ్చులా ఆరిపోయి, ఎడమవైపు నీళ్ళోడుతూ ఉండేది. టీచరుగా పనిచేసే అమ్మాయి కుర్తాకి ఒక చెయ్యి కత్తిలా మడత తేరి ఉంటే, రెండోది ఆవు నమిలి ఊసినట్టు ఉండేది.

"ఏమ్మా, సగం తలకే స్నానం చేశావా?" అనేది పెద్దమ్మ.

"జలుబు పెద్దమ్మా. మొత్తం చేస్తే పడదు," అనేది జూనియరు లాయరు తడుముకోకుండా. వాదనలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు.

సామాను స్వాధీనం చేసుకున్నాకే పెద్దమ్మ కిందికి దిగి, మెయిన్ స్విచ్ కట్టేసి, ముక్కు మీదికి కళ్ళజోడు జార్చుకుని కొత్త తీగ కట్టేది. అంత సాయం చేసే ఫ్యూజంటే ఆమెకు తెగ అభిమానం. మా ఫ్యూజు అబద్ధం చెప్పదు అని చెల్లెలితో ఫోన్లో చెప్పుకునేది.

మోకాళ్ళ నొప్పులు ముదిరాక మెట్ల కింద వంగడం ఆమెకు కష్టమైంది. అది చూసి, మేడమీద మూలగదిలో ఉండే నర్సు ఒకరోజు తనంతట తానే వచ్చింది. నెమ్మది పిల్ల. ఆమె గదిలో ఏనాడూ ఏ దొంగ సామానూ దొరకలేదు.

"మీరెందుకు శ్రమపడటం పెద్దమ్మా? ఫ్యూజు పోతే నేను కడతాలెండి."

పెద్దమ్మ మురిసిపోయి తీగచుట్ట ఆ పిల్ల చేతిలో పెట్టింది. ఆ తర్వాత ఒకే ఒక్కసారి ఫ్యూజు పోయింది. నర్సు వెళ్ళి కట్టింది. అంతే, మళ్ళీ పోలేదు.

వారాలు గడిచాయి. అందరి జుట్టూ రెండువైపులా సమానంగా ఆరి ఉంటోంది. పిల్లలు బాగుపడ్డారనుకుంది పెద్దమ్మ. మరీ బిగించి పట్టుకున్నానేమోనని మెత్తబడి, రాత్రి గేటు వేసే వేళని అరగంట పొడిగించింది. పైకి సంతోషించింది గానీ లోపల ఏదో వెలితి. పొద్దున్న లేస్తే పట్టుకోవడానికి దొంగ లేడాయె. రెండుసార్లు ఊరికే మెట్లెక్కి, తలుపుల ముందు దగ్గి, దిగివచ్చింది.

వాన పట్టిన ఒక పొద్దున ఆమె గదిలో కూర్చుని మోకాళ్ళకు వెచ్చగా కాపడం పెట్టుకుంటుంటే ఏదో మాడిన వాసన వచ్చింది. వంటగదిలో ఏమీ లేదు. వాసన వెంట వెళ్తే అది మెట్ల కిందికి తీసుకెళ్ళింది. గోడ మీద చెయ్యి వేసి చటుక్కున తీసేసింది. జ్వరం వచ్చిన పిల్ల నుదురులా కాలిపోతోంది గోడ. స్విచ్‌బోర్డు మూత గోధుమరంగు తిరిగి వంకరపోయింది. దాని పక్కనుంచి సన్నగా పొగ.

పెద్దమ్మ మెయిన్ స్విచ్ కిందికి లాగేసింది. అదే క్షణంలో మేడమీద ఒక గదిలోంచి కాదు, అన్ని గదుల్లోంచీ ఒకేసారి "అయ్యో" వినపడింది. పిల్లలు ఎంతమాత్రం బాగుపడలేదని అప్పుడర్థమైంది ఆమెకు.

కరెంటు మేస్త్రి వచ్చి ఫ్యూజు బిళ్ళ ఊడబీకాడు. తీగ ఉండాల్సిన చోట తలలో పెట్టుకునే పిన్ను ఉంది.

"ఇదెవరిదమ్మా?" అన్నాడు దాన్ని పైకెత్తి.

చుట్టూ చేరిన పిల్లలందరి చేతులూ వాళ్ళవాళ్ళ తలల మీదికి వెళ్ళాయి, నర్సుది తప్ప.

"నాదే," అందామె. "నైటు డ్యూటీ దిగి వచ్చి కెటిల్లో నీళ్ళు పెట్టుకున్నానో లేదో పుటుక్కుమనేది పెద్దమ్మా. తీగ కడితే మళ్ళీ తెగుతుంది కదా అని, తెగనిది పెట్టాను."

"తెగడానికే కదమ్మా దాన్ని పెట్టేది," అన్నాడు మేస్త్రి. "ఈ గోడలో తీగలు పాతవి. పదిహేను ఆంపియర్లు దాటితే మొయ్యలేవు. నీ కెటిల్ ఒక్కటే ఆరేడు లాగుతుంది. లోడు ఎక్కువైతే ముందు ఫ్యూజు కరిగి దారి తెంపెయ్యాలి. అది తెగకపోతే లోపల తీగలు కాలతాయి. ఇవాళ అమ్మగారు వాసన పట్టబట్టి సరిపోయింది."

నర్సు మొహం పాలిపోయింది. తిట్టడానికి నోరు తెరిచిన పెద్దమ్మ, ఆ మొహం చూసి మూసేసింది.

మేస్త్రి ఇంట్లో ఉన్న సామాన్లన్నీ తెమ్మన్నాడు. భోజనాల బల్ల మీద కెటిళ్ళు చేరాయి. ఇస్త్రీపెట్టెలు చేరాయి. జూనియరు లాయరు ఒక్కతే జుట్టు మిషన్లు రెండు తెచ్చింది. తాను స్వాధీనం చేసుకుని బీరువాలో దాచినవి కూడా అందులో ఉండటం చూసి పెద్దమ్మ నడుముకున్న తాళంచెవులు తడిమి చూసుకుంది.

మేస్త్రి వాటిని చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇవన్నీ ఐదు పది నిమిషాలు వాడేవి. బోర్డు ఇంతలా మాడాలంటే గంటలకొద్దీ ఆగకుండా నడిచేది ఇంకోటుండాలి. ఇంతేనా?"

పెద్దమ్మ అనుకోకుండా నర్సు వైపు చూసింది. నర్సు గబుక్కున చూపు నేలకు దించుకుంది. నైటు డ్యూటీ నుంచి వచ్చే ప్రతి పొద్దునా వీధిగది తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు ఆ పిల్ల కంటపడే ఉంటుంది. చూసి కూడా ఒక్క మాట అనలేదు. అంత నింద నెత్తిన వేసుకుని నిలబడి ఇప్పుడూ అనడం లేదు.

పెద్దమ్మ కుంటుకుంటూ తన గదిలోకి వెళ్ళి, మంచం కిందనుంచి హీటరు లాక్కొచ్చి బల్ల మీద పెట్టింది.

"నాదే," అంది. "మోకాళ్ళకి. పోయిన చలికాలం నుంచీ వాడుతున్నాను."

టీచరు నెమ్మదిగా అడిగింది, "అయితే పోయిన చలికాలం నా ఇస్త్రీపెట్టె పట్టుకున్న రోజు కూడా..."

"ఆ రోజు కూడా," అంది పెద్దమ్మ.

ముందు జూనియరు లాయరు నవ్వింది. తర్వాత ఎవరు ఆపుకోలేకపోయారో తెలియలేదు. ఫ్యూజు పోయిన ప్రతిసారీ తన హీటరు తీగ పీకేసి, మంచం కిందికి తోసి, దొంగల్ని వెతకడానికి మెట్లెక్కిన సంగతి చెబుతుంటే పెద్దమ్మకు కూడా నవ్వు పొంగుకొచ్చి కళ్ళ నీళ్ళు తిరిగాయి.

మేస్త్రి ఇల్లంతా కొత్త తీగలు లాగాడు. భోజనాల గదికి విడిగా ఒక లైను, దానికి తగిన ఫ్యూజు పెట్టాడు. కెటిలూ, ఇస్త్రీపెట్టే, పెద్దమ్మ హీటరూ అక్కడే ఉండేలా, ఒకరి తర్వాత ఒకరు వాడుకునేలా పిల్లలు ఒప్పందం చేసుకున్నారు. వరసలో పెద్దమ్మకేమీ మినహాయింపు లేదు. ఒకసారి మధ్యలో దూరబోతే టీచరు చెవి పట్టుకున్నంత పని చేసింది.

మరుసటి ఏడు నర్సుకు వేరే ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. వెళ్ళిన రోజు సాయంత్రమే పెద్దమ్మకు ఫోన్ చేసింది.

"గది ఎలా ఉందే?" అని అడిగింది పెద్దమ్మ.

"చాలా బాగుంది పెద్దమ్మా. రాగానే ఇక్కడి హాస్టల్ వార్డెన్‌గారిని ఫ్యూజులో ఏ తీగ వేశారో చూపించమన్నాను. నేను కరెంటాఫీసులో పనిచేసే మనిషిననుకుని కుర్చీ వేసి కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, మంచి గాలొచ్చే గది ఇచ్చేశారు. కాదని ఇంకా చెప్పలేదు."

"ఎందుకు చెప్పడం," అంది పెద్దమ్మ. "ముందు సామాన్లు సర్దుకో."