రెండుసార్లు ఊగితే ఒక్కటేనట

విశాఖలో విమానం ఎక్కింది సింగపూర్ చూడటానికి కాదు, తమ్ముణ్ణి ఆపటానికి. సుమత్రాలో పెద్ద భూకంపం వచ్చింది. బీమా కంపెనీలో ఇంజనీరైన మా రవి శుక్రవారం అక్కడికి వెళ్లి, బీటలు వారిన భవనాల్లో నష్టం అంచనా వేయాలి. పెద్దది వచ్చేసింది కాబట్టి ఇక భయం లేదని వాళ్ల ఆఫీసు లెక్కట. కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పేదాన్ని, ఆ మాట వినగానే ఒళ్లు మండింది.

తెల్లారేసరికి చాంగీ విమానాశ్రయంలో దిగి, పుంగ్గోల్‌లో వాడి ఫ్లాటుకు చేరాను. వచ్చేవాళ్లు రైలు టికెట్టు కోసం వెతుక్కోనక్కర్లేదు, బ్యాంకు కార్డు గేటుకు తాకిస్తే చాలు. ఇడ్లీ తింటుంటే రవి కూతురు "డాడీ ఆఫీస్ సేస్ సేఫ్ లా, అత్తా" అని నాకే ధైర్యం చెప్పింది.

తొమ్మిదికి ఇద్దరం బయల్దేరి, పాయా లేబర్ మీదుగా రైళ్లు మారుతూ వాళ్ల ఆఫీసున్న ఎక్స్‌పోలో దిగాం. దారిలో రవి అసలు సంగతి చెప్పాడు. పెద్ద భూకంపం వెనకాల అక్కడే వచ్చే ప్రకంపనలన్నిటినీ దానిలోనే కలిపేసి ఒక్కటిగా లెక్కిస్తారట. వందేళ్లలో పెద్దవి ఎన్ని రావచ్చో అంచనా వేయడానికి అది సరే. కానీ వచ్చే వారం పగిలిన గోడ కింద నిలబడేవాడి ప్రాణం తీసేవి ఆ చెరిపేసినవే. అవి మొదటి రోజుల్లోనే ఎక్కువ, ఎప్పుడైనా ఒకటి మొదటిదాన్నీ మించవచ్చు.

రవి మేనేజరు మలేషియాలో పుట్టిన తెలుగాయన. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో బల్లమీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు చోప్ చేసి, అంటే మాకోసం పట్టి ఉంచి, మర్యాదగా కాఫీ తెచ్చిపెట్టారు. నేను చెప్పిందంతా విన్నారు.

"అవన్నీ డూప్లికేట్ మా. మెయిన్ ఒకటే కౌంట్. నెక్స్ట్‌ది మన లైఫ్‌లో రాదు."

ఈ ప్యాకెట్ పెట్టినట్టు భూకంపం వందేళ్ల తర్వాతి చోటు చోప్ చేసుకుందా అని అడిగాను. ఆయన నవ్వారు. అంత నమ్మకముంటే మీరూ వెళ్లండన్నాను. ఆయనకు ఆడిట్ ఉందట.

"వదిలెయ్యక్కా. నేను పోనంటే ఇంకొకణ్ణి పంపుతారు," అన్నాడు రవి బయటికొచ్చాక.

శుక్రవారం చాంగీలో మా మరదలు ఇద్దరినీ ఒకేసారి సాగనంపింది. వాడు ఒక గేటుకు, నేను ఇంకో గేటుకు. మచ్చ కనబడని శుభ్రమైన ఊరు సింగపూర్. ఆ శుభ్రం ప్రమాదాల జాబితాకు కూడా పట్టించినందుకే నా మంట.

విశాఖలో దిగి ఫోను ఆన్ చేయగానే రవి మెసేజ్: "చేరానక్కా. రెండుసార్లు ఊగింది. షీట్‌లో ఒకటే వెయ్యమంటున్నారు."

సామాను బెల్టు దగ్గరే నిలబడి ఫోన్ చేశాను. రెండూ వెయ్యి, వేసి ఆ భవనంలోంచి బయటికి రా అన్నాను.

"రెండూ వేశానక్కా. టీమందరం బయటే ఉన్నాం. ఇంకో లైన్లో మేనేజర్ గారు మళ్లీ చేస్తున్నారు, లోపలికెందుకు వెళ్లలేదని."

ఎత్తొద్దన్నాను.