కొత్త ప్రాసెసర్‌కి పసుపు బొట్టు

మా చిన్నప్పుడు ఇంట్లోకి కొత్త వస్తువు ఏదొచ్చినా ముందు దేవుడి గూటి దగ్గరికి వెళ్ళాల్సిందే... సైకిలు, మిక్సీ, ఆఖరికి నా జామెట్రీ బాక్సు కూడా. అమ్మ తడి పసుపు బొట్టు పెట్టి, మధ్యలో కుంకుమ అద్దితే గానీ ఎవరూ ముట్టుకోకూడదు.

ఆ రోజు గూటి ముందు ఇత్తడి పళ్ళెంలో ఉన్నది కంప్యూటర్ ప్రాసెసర్.

మాది అమలాపురం. నాన్నగారు ఇళ్ళకి ప్లాన్లు గీసేవారు. బల్ల మీద కాగితం పరిచి గీసిన మనిషి, నలభై దాటాక కంప్యూటర్ నేర్చుకున్నారు. హైదరాబాదులో ఏదో ఆఫీసు వదిలించుకున్న పాత వర్క్‌స్టేషన్ కొని తెచ్చారు. బియ్యం డబ్బా అంత పెట్టె... ఆన్ చేస్తే దాని ఫ్యాను మోతకి పక్క గదిలో మాటలు వినపడేవి కావు. గీతలు బాగానే గీసేది. కట్టబోయే ఇంటిని తెర మీద నాలుగు వైపులా తిప్పి చూపించాలంటే మాత్రం మొరాయించేది.

అలా చూపించమని అడిగింది నాగేశ్వర్రావు గారు. మస్కట్‌లో పని. కె.గంగవరంలో మేడ కడదామని సెలవు మీద వచ్చారు. ఆ పని దొరికితే చుట్టుపక్కల గల్ఫ్ వాళ్ళ ఇళ్ళన్నీ తనకే వస్తాయని నాన్నగారి ఆశ. అందుకే పాత ప్రాసెసర్ ఊడదీసి రాజమండ్రి పట్టుకెళ్ళారు. దాన్ని ఎక్స్ఛేంజిలో ఇచ్చేసి, మా కంప్యూటర్ లోపలి బోర్డు తీసుకోగలిగిన వాటిలో వేగమైనది తెచ్చారు.

మర్నాడు సాయంత్రం నాగేశ్వర్రావు గారు వస్తారు. ఆ రోజు పొద్దున్న నాన్నగారు స్నానానికి వెళ్ళినప్పుడు అమ్మ పెట్టె విప్పింది. అగ్గిపెట్టంత పలక. ఒకవైపు నున్నటి రేకు, రెండోవైపు వరసలు వరసలుగా బంగారు రంగు ముళ్ళు. దాని ముఖం ఎటో ఎవరికి తెలుసు... బంగారంలా మెరిసేవైపే అనుకుంది. ముళ్ళు పైకి పెట్టి, తడి పసుపు వేలితో గట్టిగా అద్దింది. కుంకుమ పెట్టింది. పక్కన రెండు మందారాలు.

నాన్నగారు వచ్చి చూశారు. పాత టూత్‌బ్రష్ తెచ్చుకుని కూర్చున్నారు. పసుపు పోయింది. వంగిన ముళ్ళు మాత్రం లేవలేదు... సూదితో ఒకటి ఎత్తితే పక్కది ఒరిగేది.

"పోనీ వేడినీళ్ళతో కడిగితేనో?" అంది అమ్మ గుమ్మంలోంచి.

"నువ్వు లోపలికెళ్ళు." అంతే అన్నారు.

సాయంత్రం నాగేశ్వర్రావు గారూ, వాళ్ళావిడా వచ్చారు. తెర నల్లగా ఉంది.

"ఏదండీ మా మేడ?"

నాన్నగారు కాగితం ప్లాను పరిచారు. "ఇవాళ్టికి దీని మీద చూడండి."

"కాగితం మీద చూడ్డానికైతే మా ఊరి మేస్త్రీ చాలండీ. తెర మీద ఇల్లు తిరుగుద్దని ఊరంతా చెప్పేను."

"ఆయ్... మా అత్తగారు కూడా వస్తానన్నారండీ, సినిమా అనుకుని" అంది వాళ్ళావిడ.

"కొత్త ముక్క బిగించేటప్పుడు ముళ్ళు వంచేసేనండి. పొరపాటు నాదే" అన్నారు నాన్నగారు.

నాగేశ్వర్రావు గారు నవ్వారు. "అగ్గిపెట్టంత ముక్క బిగించలేని చెయ్యి, మా పిల్లర్లు తిన్నగా నిలబెడతాదంటారా?"

నాన్నగారి చెవులు ఎర్రబడ్డాయి. ఊళ్ళో ఆయనకున్న పేరంతా ఆ చేతిదే.

అప్పుడే అమ్మ కాఫీలు తెచ్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి, వెళ్ళకుండా నిలబడింది. పరాయివాళ్ళ ముందు తను ఎప్పుడూ నోరు విప్పేది కాదు.

"ఆయన చెయ్యి అలాంటిది కాదండీ. ఆయన బిగించనేలేదు. నేనే దానికి పసుపు పెట్టేను... ముళ్ళున్న వైపు."

"అయ్యో వదినగారూ, కంప్యూటర్‌కి నలుగు పెట్టేరా!" అని వాళ్ళావిడ పకపకా నవ్వేసింది. చెడు మనసుతో కాదు. అమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

"దానికేముందిలెండి... మళ్ళీ కనపడతాం" అన్నారు నాగేశ్వర్రావు గారు. మా వైపు ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. ఆ మేడ ప్లాను రామచంద్రపురంలో ఎవరో గీశారు.

వాళ్ళు వెళ్ళాక నాన్నగారు వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డారు. "నాదేనని చెప్పేను కదా. మళ్ళీ నువ్వెందుకు రావడం?"

"మిమ్మల్ని అంటున్నారు కదండీ..."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. తన అబద్ధం నలుగురిలో బయటపడిందని ఆయనకి. చేతికొచ్చిన పని తన వల్ల పోయిందని ఆవిడకి. మధ్యలో కూర్చుని అన్నం తింటున్న నాకూ తల ఎత్తబుద్ధి కాలేదు.

తర్వాత రాజమండ్రి షాపులో ఆ ముళ్ళు సరిచేసి ఇచ్చారు. అది చాలా ఏళ్ళు పనిచేసింది. అమ్మ మాత్రం మళ్ళీ ఆ కంప్యూటర్ గదిలో అడుగు పెట్టలేదు. కాఫీ తెచ్చినా గడప ఇవతలే నిలబడి "ఏవండీ" అనేది. నాన్నగారు లేచి వచ్చి అందుకునేవారు. లోపలికి రమ్మని ఎప్పుడూ అనలేదు... అంటే ఆ రోజు గుర్తు చేసినట్టవుతుందని కాబోలు.

ఇదంతా ఇప్పుడెందుకంటే... మొన్న ఆదివారం మా ఇంట్లో నా పాత వర్క్‌స్టేషన్‌కి ప్రాసెసర్ మార్చబోయాను. మా ఆవిడ పోయాక ఆదివారాలు గడవడం లేదు. ఇప్పుడు ముళ్ళు ప్రాసెసర్‌కి కాకుండా బోర్డు మీదే ఉంటున్నాయి. వీడియో చూసి, జాగ్రత్తగానే మొదలుపెట్టాను. బిగించబోతుంటే ప్రాసెసర్ చేతిలోంచి జారి ఆ ముళ్ళ మీదే పడింది. ఎలాగో బిగించినా తెర వెలగలేదు.

ఇంత చదువు చదివినవాణ్ణి... సిగ్గేసింది. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగాను.

ఎవరూ లేరు.

ఆ రోజుల్లో ఒక్క తప్పుకి ఇద్దరు ముందుకొచ్చేవారు. ఇప్పుడు మా ఇంట్లో ఏది చెడినా అది నాదే... కాదనేవాళ్ళు లేరు.

మీ తప్పు తన నెత్తిన వేసుకున్న మనిషి మీ ఇంట్లో ఉంటే ఇక్కడ కామెంట్లలో రాయండి. ఆ మనిషి పక్క గదిలోనే ఉంటే... ముందు వెళ్ళి వాళ్ళకి చెప్పండి. ఇక్కడ తర్వాత రాయొచ్చు.