చేతులతో చెప్పిన ఉప్పు

మరమగ్గాల పనికి వలసొచ్చిన ఈ బమ్రోలిలో మేం మధ్యాహ్నం తినే మెస్‌కి బోర్డు లేదు. మేమంతా అక్కా అని పిలిచే వంటామె ఇంటి ముందుగదిలో మూడు బల్లలు, వెనకగదిలో పొయ్యి, మధ్యలో పూల కర్టెన్. అంతే. పప్పులో కూడా బెల్లం పడే ఈ ఊళ్ళో, పులుపంటే ఏమిటో గుర్తుండేది ఆ గదిలోనే. మా అమ్మ చేతి పచ్చిపులుసును మించింది లోకంలో లేదని నేను చాలామందితో వాదించేవాణ్ణి. అక్క చేతిది తాగాక ఆ వాదన మానేశాను. అమ్మకు మాత్రం ఈ సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

మరమగ్గాల మీద పనిచేసేవాళ్ళకు రెండు భాషలుంటాయి. ఒకటి నోటిది, ఒకటి చేతులది. షెడ్డులో మగ్గాలన్నీ ఒక్కసారి ఆడుతుంటే పక్కవాడు గొంతు చించుకున్నా వినపడదు. అందుకని పోగు తెగిందన్నా, బీడీ ఉందా అన్నా, సేటు వస్తున్నాడన్నా అన్నీ చేతులతోనే చెప్పుకుంటాం. సేటు వస్తున్నాడనడానికి పొట్ట ముందు గాలిలో పెద్ద గుండ్రం గీస్తాం. బక్కపలచటి సేటు దగ్గర పనిచేసేవాళ్ళు కూడా అదే గీస్తారు.

బయటికొచ్చినా ఆ అలవాటు పోదు. అక్క వడ్డిస్తుంటే నోటితో ఆమెను పొగుడుతూ, చేతులతో కూర సంగతి తేల్చుకునేవాళ్ళం. “మస్తున్నదక్కా!” అంటూనే రెండు వేళ్ళు నలిపి అరచెయ్యి బోర్లిస్తే ఉప్పు తక్కువైందని. అరచెయ్యి పైకెత్తితే ఎక్కువైందని. ఒకసారి బెండకాయ పులుసు తిని, ఆ జిగురుతో చెప్పు అతికించుకోవచ్చని నేను చేతులతో చెబితే బల్లంతా పొలమారింది. అక్క పాపం అందరికీ మంచినీళ్ళు పోసింది.

పోయిన వానాకాలంలో అక్క జ్వరపడి లేచింది. మళ్ళీ పొయ్యి వెలిగించిన రోజు గోంగూర పప్పులో ఉప్పు లేదు. మా వేళ్ళు నలిగాయి. మర్నాడు ఉప్పు సరిగ్గా కుదిరింది కానీ చింతపండు ఎక్కువైంది. నాలుకలు చప్పరించి చేతులు ఊపుకున్నాం. ఆ మర్నాటికి అదీ సర్దుకుంది. ఇలా ఒకరోజు తప్పడం, మరునాడు దిద్దుకోవడం. జ్వరం నీరసం మెల్లగా తగ్గుతోంది కాబోలు అనుకున్నాం.

అప్పుడు మాలో పెద్దాయనకు ధర్మం గుర్తొచ్చింది. ఇద్దరు మనవలున్నవాడు, వేళ్ళ విరుపుల్లో మా అందరికంటే ఆరితేరినవాడు. ఒకరోజు తిని బయటికి రాగానే గల్లీలో మమ్మల్ని ఆపాడు.

“ఆమె చేతి బువ్వ తినుకుంట ఆమె ముంగటనే ఎక్కిరిస్తున్నం. తప్పు గాదుర? రేపటి సంది ఎవ్వడు చేతులు లేపొద్దు. ఒక చెయ్యి కంచంల, ఒక చెయ్యి ఒడిల.”

మాకూ నిజమే అనిపించింది. అందరం ఒట్టు పెట్టుకున్నాం. మంచివాళ్ళమైపోయామని నాకు ఎంత తృప్తిగా ఉండిందంటే, ఆ సాయంత్రం ఎదురుపడిన మా సేటుకు కూడా నవ్వుతూ నమస్కారం పెట్టాను. ఆయన భయపడ్డాడు.

మేం మంచివాళ్ళమైన రోజు నుంచే తిండి చెడడం మొదలైంది. మొదటి రోజు పప్పు చప్పగా ఉంది. నాలుగు రోజులైనా చప్పగానే ఉంది. అయిదో రోజు ఒక్కసారిగా ఉప్పు కషాయం. “మస్తున్నదక్కా!” అని కళ్ళల్లో నీళ్ళతో మింగాం. అక్క గరిటె పట్టుకుని బల్లల చుట్టూ తిరుగుతూ మా చేతులకేసే చూసేది. ఇంకా కావాలా అని అడుగుతోందనుకుని మేం మర్యాదకు కంచం చాపేవాళ్ళం. ఆమె చూసిన కొద్దీ మేం చాపాం, చాపిన కొద్దీ ఆమె వేసింది.

కొందరు తట్టుకోలేక పెద్దరోడ్డు మీది హోటల్‌కు మళ్ళారు. ముందు ఒక బల్ల ఖాళీ అయింది, తర్వాత రెండోది. ఉన్న ఒక్క బల్ల దగ్గర మేం ఆరుగురం మిగిలాం. మేమూ వెళ్ళిపోతే ఆ పొయ్యి ఆరిపోతుందని అందరికీ తెలుసు. ఖాళీ బల్లలవైపు అక్క చూడలేక చూడటం నాకు కనబడుతూనే ఉంది.

పదో రోజు అక్క వడ్డించడం ఆపి మా ముందు నిలబడింది.

“మీ చేతులకు ఏమైందిరా?”

మేం ఎవరి చేతులు వాళ్ళం చూసుకున్నాం.

“పది దినాల సంది చూస్తున్న. ఒక్కడన్న ఏలు ఆడిస్తలేడు. ఈ మెస్సు పెట్టకముందు గీ పక్కూరు పల్సానల పదకొండేండ్లు మీ లెక్కనే సాంచాల కాడ, మగ్గాల షెడ్డుల బాబిన్లు చుట్టిన. మీ చేతుల ముచ్చట నాకు ఎరుక లేదనుకున్నరా?”

ఆరు తలలు కంచాల్లోకి వాలిపోయాయి. ఏ కూర ఎలా వండుతుందో ఆమెను ఎన్నోసార్లు అడిగాం. వంటకు ముందు ఏం చేసేదో ఎనిమిదేళ్ళలో ఒక్కరమూ అడగలేదు. నాకు బెండకాయ పులుసూ చెప్పూ గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి.

“జరమచ్చి లేసిన సంది నా నాలికెకు ఉప్పు తెల్వదు, పులుపు తెల్వదు. ఏమేసుకున్నా మన్ను లెక్కనే ఉంటది. మిమ్ముల అడిగితే మస్తున్నదంటరు. గందుకే మీ చేతులు చూసి, తెల్లారి సరిజేసుకుంట వండిన. ఇప్పుడు అవ్విటిని గూడ ఒడిల పెట్టుకుంటే నేనెట్ల వండాలె?”

నాకు సిగ్గేసింది. ఎక్కిరించినందుకు కాదు. ఎక్కిరింపే ఆమెకు పనికొచ్చింది. ఇన్నేళ్ళు ఆమెకు ఎదురుగా ఒక్క నిజం చెప్పలేకపోయినందుకు.

“ఇయ్యాల పప్పు ఎట్లున్నది?” అని నన్నే అడిగింది.

‘మస్తున్నదక్కా’ అలవాటుగా నోటిదాకా వచ్చింది. దాన్ని వెనక్కి మింగాను.

“ఉప్పు మస్తు ఎక్కువైందక్కా. తినరాదు.”

“గంత ఎక్కువైందా?” అంది. మొహం ముడుచుకుంది, కొంచెం కోపం కూడా వచ్చినట్టుంది.

“గంత ఎక్కువైంది.”

అక్క లోపలికెళ్ళింది. పప్పు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి, వేణ్ణీళ్ళు పోసి, ఉడికిన పప్పు ఇంకొంత కలిపి తిప్పింది. వంటమనిషి కదా, అలవాటు కొద్దీ అరచేతిలో ఒక చుక్క వేసుకుని నాకింది. తర్వాత చెయ్యి చీరకు తుడుచుకుని గరిటె నా చేతికిచ్చింది.

“నువ్వు చూసి చెప్పు తమ్మీ.”