పొట్టిపేరు చేసిన పని

మా అక్క కంపైలర్ రాసే ఆఫీసులో పనిచేస్తుంది. మనుషులు రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చేదే కంపైలర్. అందులో కొన్ని విలువలు ఉండొచ్చు, లేకపోవచ్చు. అలాంటివాటిని దాచడానికి అక్క డబ్బాలాంటి ఒక ఏర్పాటు తయారుచేసింది. డబ్బా ఖాళీయా కాదా అని చూసుకుని, లోపలి విలువను తీయాలి. చూడకుండా తీస్తే కంపైలర్ కుప్పకూలుతుంది. అందుకే చూడకుండా తీసే ఆదేశానికి కావాలనే పొడుగు పేరు పెట్టింది: 'లోపల_ఉందని_నమ్మి_తీయి'.

"ఇంత పేరు కొట్టేసరికి వేళ్లు అరిగిపోతాయి తల్లీ! 'తీయి' అంటే చాలదా?" అన్నాడు టీం లీడరు.

"అరగనివ్వండి సార్. కొట్టేలోపు ఒక్కసారైనా ఆలోచిస్తారు."

వాదించి వాదించి నెగ్గింది. అంతలోనే ఎవడో దానికి 'తీ' అని పొట్టిపేరు తగిలించాడు. అందరూ అదే వాడారు. ఆ ఆఫీసులో చప్పట్లన్నీ వేగానికే. అక్క చూసింది కానీ, మళ్లీ పోట్లాడే ఓపిక లేక ఊరుకుంది.

నిన్న కంపైలర్ కుప్పకూలింది. వెతికితే, తప్పున్న లైను అక్క రాసిందే. ఇంటికెళ్లే తొందరలో తనూ 'తీ' అనే రాసింది.

"పొడుగు పేరు పెట్టినావిడే ముంచిందన్నమాట!" అని పక్క సీటాయన నవ్వాడు.

"సరే, ముంచాను. కాస్త జరగండి."

అక్క ఆ పొట్టిపేరును తీసిపారేసింది. దాన్ని వాడిన చోటల్లా తెర మీద తప్పని చూపే ఎర్రగీతలు పడ్డాయి. అవన్నీ ఇక తనే సరిచేయాలి. ముందు తన లైను తెరిచి పొడుగు పేరు కొట్టసాగింది. 'లోపల_ఉందని' దగ్గర వేళ్లు ఆగాయి. దాన్ని చెరిపేసి, డబ్బా ఖాళీగా ఉంటే ఏం చేయాలో రాసింది.