మడ్‌గార్డు మీద గీత నేర్పినాయన

మా ఉస్తాద్ పోయారని మొన్న మంగళవారం పొద్దున ఆయన కోడలు ఫోన్ చేసింది. విషయం చెప్పేముందు, "మేడమ్‌జీ, చాయ్ తాగారా?" అని అడిగింది. ఖాళీ కడుపుతో చావుకబురు వినకూడదని వాళ్ల పట్టింపు. తాగానన్నాను. తాగలేదు.

రాజధాని శివారు ద్వారకలో, మా సెక్టారు మార్కెట్ వెనక, రిక్షాలు బాగుచేసే సందులో ఆయన దుకాణం. దుకాణమంటే ఒక రేకు, దాని కింద ఒక స్టూలు. సైకిల్ రిక్షాలకూ, పెళ్లి ట్రంకుపెట్టెలకూ, స్కూటర్లకూ కుంచెతో ఎనామెల్ రంగు గీతలు వేసేవారు. స్టిక్కర్లు వచ్చాక స్కూటర్లు రావడం మానేశాయి. రెండు వేసవులకి స్టిక్కరు ఊడుతుంది, వాళ్లే తిరిగొస్తారనేవారు. రాలేదు. ఆయన చెప్పినవాటిలో తప్పిన మాట అదొక్కటే.

నేను ఆయన దగ్గరికి వెళ్లింది కళ మీద ప్రేమతో కాదు, కోపంతో. మెట్రో ఇంకా ద్వారకకు రాని రోజులు. బాత్రూములో జారిపడి కుడి మణికట్టు విరగ్గొట్టుకున్నాను. కట్టు విప్పాక సంతకం కుదరలేదు. పెన్షన్ కోసం బ్యాంకుకి వెళ్తే, నమూనాతో కలవడం లేదని కౌంటరులో అబ్బాయి మూడుసార్లు పెట్టించి, చివరికి ఇంకుప్యాడ్ నా వైపు జరిపాడు. "మాతాజీ, అంగూఠా లగా దీజియే." మర్యాదగానే అన్నాడు. ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. వేలిముద్ర వెయ్యకుండా లేచి వచ్చేశాను. ఫిజియోథెరపీ అమ్మాయి చెప్పినట్టు రోజూ రబ్బరు బంతి నొక్కాను. బంతికి బలం వచ్చినట్టే ఉంది గానీ నా చేతికి రాలేదు.

ఆ వారమే ఆ సందులోంచి వస్తూ, ఆయన ఒక రిక్షా మడ్‌గార్డు మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఒక్క ఊపిరిలో గీత లాగడం చూశాను. నాకు నేర్పుతారా అన్నాను. ఎందుకన్నారు. బ్యాంకు సంగతి చెప్పి, "వేలిముద్ర వెయ్యడానికి నేనేం చదువురానిదాన్నా?" అన్నాను. ఆయన తుప్పుపట్టిన మడ్‌గార్డు ఒకటి నా చేతికిచ్చి స్టూలు ఖాళీ చేశారు.

మొదటిరోజు నేను చేసింది లెక్కల టీచరు తప్ప ఇంకెవరూ చెయ్యరు. సంచీలోంచి స్కేలూ పెన్సిలూ తీసి, వంపు తిరిగిన రేకు మీద కొలిచి చుక్కలు పెట్టి, వాటిని కలుపుతూ కుంచె నడిపాను. ప్రతి చుక్క దగ్గరా గీతకి ఒక మోకాలు మొలిచింది. ఆయన టర్పెంటైన్ గుడ్డతో అంతా తుడిచి, స్కేలు తిరిగి నా సంచీలో పెట్టారు. "కుంచెను చూడకండి మేడమ్‌జీ, అదెక్కడికీ పారిపోదు. గీత చేరాల్సిన చోటు చూడండి."

అది ఉడుత వెంట్రుకల పొడుగు కుంచె. సబ్బుతో కడగకూడదు, ఇంజన్లో పోసే మోబిలాయిల్ పూసి పడుకోబెట్టాలి. చిటికెనవేలు రేకుకి ఆనించి, చెయ్యి ఒక్కటే కాదు, మనిషంతా కదలాలి. వణికినా ఆగకూడదు, ఆగినచోటే రంగు ముద్దకడుతుంది. నాలుగు నెలలు నా గీతలు తుడుస్తూనే ఉన్నారు, ఒక్కసారీ విసుక్కోలేదు. ఆరకముందు ఏదైనా తుడిచెయ్యొచ్చు అనేవారు. బడిలో నేను ఎంతమందిని ఎన్ని మాటలన్నానో ఆ స్టూలు మీదే గుర్తొచ్చేది.

రిక్షావాళ్ల మధ్య కూర్చుంటే మా ఫ్లాట్ల సొసైటీలో ఆంటీలు ఏమనుకుంటారని మా అమ్మాయి గొడవ. వాళ్లకి అనుకోవడం కూడా వచ్చని నాకిప్పుడే తెలిసిందన్నాను.

ఒక చలికాలం మధ్యాహ్నం గ్యాస్ కనెక్షన్ కాగితం పట్టుకుని ఒకతను వచ్చాడు. ఉస్తాద్ చెయ్యి తుడుచుకుని, బొటనవేలు ప్యాడ్ మీద దొర్లించి కాగితం మీద ఒత్తారు. నా కుంచె ఆగిపోయింది. ట్రంకుల మీద ఆయన రాసే పేర్లన్నీ, ఎవరో కాగితం మీద రాసిస్తే బొమ్మల్లా చూసి దించినవేనని అప్పుడు తెలిసింది. నా ముఖం చూసి ఆయన నవ్వారు.

"నా సంతకం ఇదే మేడమ్‌జీ. ఇంతవరకు ఏ బ్యాంకూ కలవలేదనలేదు."

మొదటిరోజు నేనన్న మాట ఆయనకి గుర్తుందా అని అడగలేదు. తప్పయిందని చెప్పనూ లేదు. ఒకరి తప్పులు దిద్దడం అలవాటైన నోటికి ఆ మాట త్వరగా రాదు. దానికి బదులు మర్నాడు పలక తీసుకెళ్లి, పేరు రాయడం నేర్పుతానన్నాను. ఇప్పుడు నేర్చుకుంటే తన సంతకం కూడా కలవడం లేదంటారని పలక పక్కన పెట్టేశారు.

ఆ నెలలోనే బ్యాంకులో నా సంతకం మొదటిసారికే కలిసింది. పరుగున వెళ్లి చెప్పాను. కుంచెతో పెట్టి ఉంటే ఇంకా బాగుండేదన్నారు. ఇవాళ ఇదంతా నా చేత్తోనే రాస్తున్నాను, అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి. ఆయన చలవ.

మంగళవారం వాళ్లింటికి రిక్షాలో వెళ్లాను. దిగుతుంటే సీటు పక్క రేకు లోపలివైపు ఏదో కనపడి వంగాను. రంగు ఆరిందో లేదో ఆయన ఎవరికీ కనపడనిచోట బొటనవేలితో నొక్కి చూసేవారు. ఏమైనా పడిపోయిందా మాతాజీ అని రిక్షావాడు అడిగాడు. లేదన్నాను. అతని రేకు మీద బొటనవేలంత చోటులో సన్నటి ఎర్ర గీతలు, ఒకదాని లోపల ఒకటి, ఒకదాన్నొకటి తాకకుండా ఉన్నాయి.